ఆరువేల వేగం

పన్నెండు వందలు ఎక్కడికి పోయాయో వారంలోగా చెప్పమని ఆడిట్ వారు కాగితం పంపినప్పుడు, ఆఫీసులో అందరూ ముందు నా వైపే చూశారు. పోయినవి రూపాయలు కావు. రూపాయలైతే ఇంత గొడవ ఉండేది కాదు, అలాంటివాటికి మా దగ్గర అలవాటైన సమాధానాలు ఉన్నాయి. పోయింది వేగం.

మాది జిల్లా జనన వివరాల ధ్రువీకరణ కార్యాలయం. పాత రిజిస్టర్లలోని పుట్టినరోజులను కంప్యూటరులోకి ఎక్కించి, అడిగినవాళ్లకు ధ్రువపత్రం ముద్రించి ఇస్తాం. ఆ పనికోసం ఒక పెద్ద కంప్యూటరు కొన్నారు. పని నడిచేంతసేపూ వివరాలను గుర్తుంచుకునే దాని ర్యామ్ వచ్చిన పెట్టె మీద 6000 అని వేగం రాసి ఉంది. ఆడిట్ వారు తెర మీద చూస్తే 4800 అని కనిపించింది. "ప్రభుత్వము వారు ఆరువేల వేగము గల వస్తువును కొనుగోలు చేయగా, కార్యాలయము వారు నాలుగువేల ఎనిమిది వందలు మాత్రమే వినియోగించుచున్నారు. శేషించిన పన్నెండు వందలు ఎవరి స్వాధీనమందున్నవి?" అని వాళ్ల ప్రశ్న.

నిజానికి ఎవరి స్వాధీనంలోనూ లేవు. ర్యామ్ మామూలుగా నెమ్మదైన వేగంతోనే నడుస్తుంది. పెట్టె మీద ఉన్నది, గట్టిగా తోలితే అది పరిగెత్తగల వేగం. ఆ పరుగు కావాలంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఒకచోట మార్పు చేయాలి. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఈ సంగతి ఆఫీసులో నాకొక్కడికే తెలుసు. తెలుసంటే, వీడియోలు చూశాను. నా పేరు వానపల్లి గంగాధరం, సీనియర్ అసిస్టెంటుని. మూడేళ్ల కిందట ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగినందుకు నన్ను కంప్యూటర్ల ఇన్‌ఛార్జిని చేశారు. నాకు అన్నీ తెలుసని వాళ్లు నమ్మారు, అంతమంది నమ్ముతున్నారు కదా అని నేనూ నమ్మాను.

మా అధికారి ఉప సంచాలకులు తటవర్తి సుదర్శనం గారు. ఏ కాగితం చేతికిచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, ఒక్క తప్పయినా పట్టుకుని ఎర్రసిరాతో సున్నా చుడితే గాని సంతకం పెట్టరు. ఆయన మాట్లాడటం కూడా ఉత్తర్వులాగే ఉంటుంది.

"సదరు వేగమును పునరుద్ధరించుటకు మార్గమున్నదా గంగాధరం గారూ?" అని అడిగారు.

"రెండు నిమిషాల పని సార్."

"అందు ప్రమాదమేమైనా కలదా?"

చూసి చెబుతాను సార్ అని ఉంటే నా పరువు, ఇంకా చాలామంది పుట్టినరోజులు ఎక్కడివక్కడ ఉండేవి. "ఏ ప్రమాదమూ లేదండి, బాధ్యత నాది" అన్నాను. అనడంతో ఆగలేదు, ఆ మాటే ఫైల్లో నోటు పెట్టి సంతకం చేశాను. దాని కింద ఆయన సంతకం చేశారు. పైన కమిషనరేటు వారు చేశారు. మా దగ్గర మూడు సంతకాలు పడిన మాట ఇక మాట కాదు, అది శాసనం.

మార్పు చేశాను. తెర మీద 6000 వెలిగింది. ఆడిట్ వారు తృప్తిపడ్డారు. కమిషనరేటు నుంచి అభినందన లేఖ వచ్చింది. వాకిట్లో 'ఈ కార్యాలయము 6000 వేగముతో ప్రజాసేవ చేయును' అని బోర్డు వేయించారు. ధ్రువపత్రం అడుగున కూడా వేగం ముద్రించే ఏర్పాటు చేశాను. లోపలి లెక్క చెప్పాలంటే, ఇంతకుముందు నలభై సెకన్లు పట్టే కాగితం ఇప్పుడు ముప్పైతొమ్మిదిలో వస్తోంది. ఆ మిగిలిన సెకనుకి నన్ను స్పీడు గంగాధరం అని పిలవడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు.

ఆ ఊపులోనే ఇంకో పని చేశాను. రిజిస్టరులోంచి చేత్తో రాసిచ్చే నకళ్లను ఆపేయాలని ప్రతిపాదన పెట్టాను. ఆ నకళ్లు రాసేది రికార్డ్ కీపర్ మట్టపర్తి నాగరత్నం గారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గదిలోనే ఉన్నారు. ఉత్తర్వు వచ్చిన రోజు ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"రిజిస్టరు ఎప్పుడైనా ఆగిపోయిందా నాయనా?"

"ఆగలేదండి. కాని వేగం లేదు కదా."

"దానికెక్కడికి వెళ్లాలనిరా తొందర?" అని ఆవిడ కలానికి మూత పెట్టేశారు.

రెండు నెలలు గడిచాక, అన్ని కంప్యూటర్లలోనూ మదర్‌బోర్డు ఫర్మ్‌వేరును నెలాఖరులోగా కొత్తది చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఫర్మ్‌వేరంటే మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు లేచి మిగతావాటిని లేపే లోపలి ప్రోగ్రాము. దశమి చూసుకుని, కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ కొత్తది ఎక్కించాను. ఎక్కించేటప్పుడు కరెంటు పోకూడదని ఫ్యాన్లన్నీ ఆపించాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

మర్నాటి నుంచి కంప్యూటరుకు తిక్క పట్టింది. పది నిమిషాలు బాగా పనిచేసి నీలిరంగు తెర వేసి చచ్చిపోయేది. మళ్లీ లేచేది. అలా చావడమే నయమని తర్వాత తెలిసింది. చావకుండా నడిచిన రోజుల్లో అంకెలు మార్చేది. ఏడు ఆరయ్యేది, ఆరు రెండయ్యేది. ఒక తండ్రి కొడుకు కన్నా మూడేళ్లు చిన్నవాడయ్యాడు. కవల పిల్లల్లో ఒకడు ఇంకొకడు పుట్టిన నాలుగేళ్లకు పుట్టాడు. ఆ తల్లి కాగితం పట్టుకొచ్చి, నాలుగేళ్లు మోశానంటారా బాబూ అని అడిగితే, "అది వైద్యశాఖ పరిధిలోని అంశము" అన్నారు సుదర్శనం గారు.

వీడియోలన్నీ మళ్లీ చూశాను. విషయం చిన్నదే. కొత్త ఫర్మ్‌వేరు ర్యామును నడిపే తీరు కొంచెం మారింది, పాత ఫర్మ్‌వేరులో తట్టుకున్న వేగాన్ని ఇందులో తట్టుకోలేకపోతోంది. వేగం కాస్త తగ్గిస్తే చాలు. లేదా పాత ఫర్మ్‌వేరే మళ్లీ ఎక్కించాలి. ఏదయినా రెండు నిమిషాల పని. ఆ మాటే వెళ్లి చెప్పాను.

సుదర్శనం గారు కళ్లు మూసుకుని విన్నారు. "వేగము తగ్గించినచో ఆడిట్ అభ్యంతరము పునర్జన్మ ఎత్తును. ఫర్మ్‌వేరు వెనుకకు తీసుకొన్నచో ఉత్తర్వు ఉల్లంఘనమగును. పైపెచ్చు, ప్రమాదము లేదని తమరు వ్రాసి యున్నారు. తమ వ్రాత తప్పైనచో దానిక్రింది నా సంతకము తప్పు. నా సంతకము తప్పైనచో పైవారి అభినందన తప్పు. తమరు తప్పు వ్రాసి యున్నారా?"

ఆ నెల నా పేరున్న సూపరింటెండెంటు ప్రమోషను జాబితా కమిషనరేటులో ఉంది. "లేదండి" అన్నాను.

"అట్లయిన యంత్రము సరిగానే యున్నది. నిరూపింపుడు."

నిరూపించడానికి స్థిరత్వ పరీక్ష అనే ప్రోగ్రాము ఉంటుంది. ర్యాములో ఏదో రాసి, మళ్లీ చదివి, రాసిందే చదివిందా అని చూస్తుంది. అందులో బరువుది, మధ్యరకం, తేలికది అని మూడు ఉన్నాయి. బరువుది నాలుగో నిమిషంలో పడిపోయింది. మధ్యరకం ఇరవయ్యో నిమిషంలో పడింది. తేలికదాన్ని ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా, అరగంటకోసారి అధికారి సమక్షంలో చూసి రాసుకుంటూ నడిపాను. పద్నాలుగు సార్లూ పాసయింది. పనేమీ చెప్పకుండా కూర్చోబెడితే ఏడు గంటలు నేనూ స్థిరంగానే ఉంటాను.

స్థిరత్వ ధ్రువపత్రం ఫ్రేము కట్టించి కంప్యూటరు నెత్తిన పెట్టారు. ఇక యంత్రం స్థిరమని తేలింది కాబట్టి, తేడా ఎక్కడుందో కూడా తేలిపోయింది. జనం దగ్గర ఉంది. వాళ్లకోసం ఫారం తొమ్మిది తయారైంది. 'యంత్రముతో విభేదించు వ్యక్తులు తమ వివరములను సవరించుకొనుటకు దరఖాస్తు' అని దాని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. అప్పట్లో దాని పొందిక చూసి మురిసిపోయాను కూడా.

అటువంటి రోజుల్లో, ఒక సోమవారం, గుత్తుల సత్యవేణి వచ్చింది. ఊరి చివర బాలికల వసతి గృహంలో పదకొండేళ్లుగా తాత్కాలిక వంటమనిషి. ఇన్నాళ్లకు ఆ ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తున్నారు. వయసు నలభై నిండకూడదు. ఆమెకి ముప్పైతొమ్మిది. శుక్రవారం సాయంత్రం అయిదులోగా పుట్టినతేదీ కాగితం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఆ పోస్టు వేరేవాళ్లకి పోతుంది. వచ్చే ఏడాది అడగడానికి ఆమెకి వయసు ఉండదు. మా యంత్రం ఎనభై ఆరును ఎనభై రెండు చేసి ఇచ్చింది.

"నాకు నలభై మూడేళ్లంటండి ఇందులో," అంది కాగితం బల్ల మీద పెట్టి. "నలభై మూడు మా అక్కకండి. ఆవిడ ముందు పుట్టాలి కదండి?"

"ఫారం తొమ్మిది నింపు తల్లీ, నాలుగు వారాల్లో చూస్తారు."

"శుక్రవారం దాకానే టైమండి నాకు."

నాగరత్నం గారు లోపలినుంచి రిజిస్టరు మోసుకొచ్చి నా ముందు తెరిచారు. ఎనభై ఆరు, నల్లసిరాతో, కాకి ముక్కంత నల్లగా, స్పష్టంగా ఉంది. "నకలు నేను రాసిత్తాను, ఆయనగారి చేత సంతకం పెట్టించు," అన్నారు. చేత్తో రాసినది చెల్లదని ఉత్తర్వు ఉందన్నాను. "ఆ ఉత్తర్వు కన్నవాడివి నువ్వే కదరా," అన్నారు ఆవిడ. నేను రిజిస్టరును ఎత్తుకుని సార్ దగ్గరికి వెళ్లాను.

"ఈ పుస్తకమునకు స్థిరత్వ ధ్రువపత్రము కలదా?" అని అడిగారు సార్.

లేదు కాబట్టి బుధవారం రిజిస్టరుకు పరీక్ష పెట్టాం. పదిన్నర నుంచి అరగంటకోసారి నాగరత్నం గారు పుస్తకం తెరిచి ఆ ఒక్క వరసే చదవడం, మేం రాసుకోవడం. పద్నాలుగు సార్లూ ఎనభై ఆరే వచ్చింది. పదో సారికి ఆవిడ చూడకుండా చెప్పబోతే, చూచియే చదువవలెను అన్నారు సార్. చివరికి నివేదికలో 'వేగము' అన్న గడి ఖాళీగా మిగిలింది. వేగం లేని వస్తువుకు స్థిరత్వ ధ్రువపత్రం ఇచ్చే వీలు లేదని రిజిస్టరును తిప్పి పంపారు.

సత్యవేణి రోజూ వచ్చేది. పిల్లల టిఫిన్లు అయ్యాక పదింటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నం వంటకి వెళ్లిపోయేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. ఏమైందండి అని నన్ను ఒక్కసారి అడిగేది. పరిశీలనలో ఉందమ్మా అని నేను ఒక్కసారి చెప్పేవాణ్ణి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడలేక ప్రింటరును చూసేవాణ్ణి. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే మనిషి మంచి పని చేస్తాడంటారు గాని, నేను దొంగ పని చేశాను.

గురువారం భోజనాల వేళ తలుపు వేసి, సెట్టింగుల్లోకి వెళ్లి, వేగం 4800 చేసి, ఆమె ధ్రువపత్రం ముద్రించాను. ఎనభై ఆరు. ఒక్క అక్షరం తేడా లేదు. మళ్లీ వేగం పెంచేసి, ఏమీ ఎరగనట్టు సంతకానికి పెట్టాను. సుదర్శనం గారు మొదటి అక్షరం నుంచి చదువుకుంటూ వచ్చి, అడుగున ఆగి, ఎర్రసిరాతో సున్నా చుట్టారు. అక్కడ నేను పెట్టించిన ముద్ర ఉంది: వేగము 4800.

"పన్నెండు వందలు ఏమైనవి?" అన్నారు.

తప్పించుకోవడానికి మూడు దారులు కనిపించాయి. మూడూ నాకు బాగా అలవాటైనవే. కాని ఆ బెంచీ సార్ గది తలుపుకి ఎదురుగానే ఉంది, సత్యవేణి ఆ రోజు వంటకి కూడా వెళ్లకుండా అక్కడే కూర్చుంది. నేను కాగితం తీసుకుని రాశాను. 'ఆరువేల వేగంతో ప్రమాదం లేదని నేను రాసింది తప్పు. ఈ తప్పుడు తేదీలకు కారణం నేనే.' ప్రమోషను నాకు తెలిసి అక్కడే పోయింది.

సార్ దాన్ని రెండుసార్లు చదివారు. "తమరు లోగడ ప్రమాదము లేదంటిరి. నేడు కలదంటిరి. ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు. ఇందు అస్థిరముగా నున్నది యంత్రమా, తమరా?"

"నేనే సార్," అన్నాను.

"నిరూపింపుడు."

శుక్రవారం పదిన్నరకు నన్ను హాలు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అధికారి ఎదురుగా, చేతి గడియారం బల్ల మీద విప్పి పెట్టుకుని కూర్చున్నారు. అరగంటకోసారి అదే ప్రశ్న: సదరు వేగము సురక్షితమా? అరగంటకోసారి నేను ఒకే సమాధానం, ఒక్క ముక్క తేడా లేకుండా చెప్పాలి. మాట మారితే నా ఒప్పుకోలు చెల్లదు.

"కాదండి. తప్పు నాది," అన్నాను పదకొండు గంటలకు. అటెండర్లు, జనం, కవలల తల్లి, బెంచీ మీద సత్యవేణి, అందరూ చూస్తున్నారు. పదకొండున్నరకు చెవులు కాలిపోయాయి. పన్నెండుకు ఎవరో నవ్వారు. పన్నెండున్నరకు ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఒంటిగంట కావస్తుండగా నాగరత్నం గారు సెలవు చీటీల కట్ట ఒకటి తెచ్చి సార్ చేత సంతకాలు చేయించుకుపోయారు. సార్ కళ్లు ముల్లు మీదినుంచి కదల్లేదు. ఒంటిగంటకు అయిదోసారి తప్పు నాదని చెప్పి తలెత్తి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది.

ఆశ వదులుకుని వెళ్లిపోయిందనుకున్నాను. ఆ తర్వాత చెప్పినవి నోటితో చెప్పినవి కావు. ఎక్కడో కడుపులోంచి వచ్చాయి. నాలుగింటికి నా మాట నాకే నిజమనిపించింది. అయిదయింది, గడువు దాటిపోయింది. అయిదున్నరకు పద్నాలుగోసారి, "కాదండి. తప్పు నాది" అన్నాను.

"గంగాధరం గారు స్థిరముగా నున్నారు," అని సుదర్శనం గారు నాకు ధ్రువపత్రం రాసిచ్చారు. అస్థిరుడినని స్థిరంగా చెప్పినందున నా మాట చెల్లుతుందని, పైవారికి నివేదించేలోపు వేగం తగ్గించవచ్చని అన్నారు. నేను తగ్గించాను. అసలు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సత్యవేణి కాగితం ముద్రించి, సంతకం చేయించుకుని, సైకిలెక్కి వసతి గృహానికి పరిగెత్తాను. గడువు దాటిన కాగితం తీసుకోమని అక్కడి ఆఫీసరు కాళ్లు ఎలా పట్టుకోవాలో దారంతా ఆలోచించాను.

వంటింట్లో సత్యవేణి గుండిగలో సాంబారు కలుపుతోంది. అటుపక్క వరండాలో పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. కాగితం చాపి, ఆలస్యమైందమ్మా, నేనే వచ్చి మాట్లాడతాను అన్నాను.

ఆమె చెయ్యి తుడుచుకుంది. "మధ్యాన్నమే ఇచ్చేశానండి. నాగరత్నం గారు చేత్తో రాసిచ్చారు కదండి."

"దానిమీద సార్ సంతకం?"

"ఉందండి. సెలవు చీటీల మజ్జిలో పెట్టి చేయించారంట. ఆయన ఎప్పుడూ చదవకుండా చెయ్యరంట కదండి? ఇయ్యాల మిమ్మల్ని కూచోబెట్టి గడియారం చూసుకుంటున్నారు కాబట్టి కుదిరిందన్నారండి."

"చేత్తో రాసింది తీసుకున్నారా ఇక్కడ?"

"చూడగానే తీసేసుకున్నారండి. మీ కంప్యూటరు కాగితాలు నెల నించీ తీసుకోవట్లేదంటండి, ఏ ఆఫీసులోనూ."

నేను గట్టు మీద కూలబడ్డాను. నా పద్నాలుగు ఒప్పుకోళ్లూ ఒక మనిషి కళ్లను గడియారం మీద కట్టిపడేయడానికి పనికొచ్చాయి. అంతకుమించి వాటితో ఎవరికీ పని పడలేదు. అయినా నవ్వొచ్చింది, ఉద్యోగం నిలిచినందుకు సంతోషంగానూ ఉంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని నా మొహం చూసి కనిపెట్టినట్టుంది, ఆమె కంచం పెట్టి అన్నం, సాంబారు వడ్డించింది. సాంబారు బాగుంది. ఈ మనిషికి నలభై మూడేళ్లని మేం చెప్పామనుకుంటే ముద్ద దిగలేదు గాని, ఆకలి దింపేసింది.

ఆమె ఇంకో గరిటెడు అన్నం తీసి నా దగ్గరికి వచ్చింది.

"మా వీధిలో తొమ్మండుగురికి తప్పులు పడ్డాయండి. కవలలోళ్లు మా వెనకింటోళ్లే. ఇప్పుడు మీ తప్పని తేలిపోయింది కదండి, ఆళ్లందరివీ మీరే మార్చేత్తారాండి?"

నేను నోట్లో ముద్దతోనే, ఏమీ ఆలోచించకుండా, "ఫారం తొమ్మిది నింపి పెట్టుకోమనమ్మా, పరిశీలిస్తాం" అన్నాను.

గరిటె నా కంచం మీద ఆగింది. ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత ఆ అన్నం మళ్లీ గిన్నెలో వేసుకుని, గిన్నె పట్టుకుని పిల్లల వరసలోకి వెళ్లిపోయింది.